కణితి పక్షాన

పునర్వసు కార్తె, తొలి వాన

ఎదురువాదిగా ఎంపికైన ప్రతి విద్యార్థీ తన వంతు ముగిసేదాకా దినచర్య రాయాలనీ, తర్వాత వచ్చేవారు దాన్ని చదవాలనీ మా కొండ మీద నియమం. నాకు ముందు ఆ పని చేసినవారి రాతలన్నీ చదివాను. వాటిలో సగం క్షమాపణలు, సగం కన్నీళ్ళు. నా తర్వాతివారికి ఆ రెండూ నేను మిగల్చను. వాదం మిగులుస్తాను.

ఉదయం కణశాలకు వెళ్ళి నా కణాలకు మేత మార్చబోయాను. మనిషి రక్తంలోంచి తీసిన రక్షక కణాలు జబ్బు చేసిన నాడు అక్కరకు వస్తాయని, ఇక్కడ పుట్టిన ప్రతివారి పేరా ఒక సీసా ఉంటుంది. ఎవరి సీసాకు వారే మేత వేసుకోవాలి. వానాకాలంలో కొండ మొత్తానికి మనిషి ఒంటి వెచ్చదనం ఉండే చోటు అదొక్కటే కనుక, పని లేనివారు కూడా ఆ అరలకు అరచేతులు ఆనించి కబుర్లాడుతూ ఉంటారు. నా సీసా మూత బిగుసుకుపోయింది. దానితో కుస్తీ పడుతుండగా వైద్యసభ నుంచి కబురు వచ్చింది.

రోగి బెండి పైడయ్య, రోప్‌వే నడిపే మనిషి, ఇంకా నలభై నిండలేదు. పెద్దపేగుకు కుడివైపున కణితి. పక్క అవయవాలను పట్టుకొని ఉంది కాబట్టి ఇప్పుడు కోసి తీయడం కుదరదు. చికిత్స కోరే పక్షవాది తారకేశ్. ఆ చికిత్స వద్దని వాదించవలసిన ఎదురువాదిని నేను, శాంకరిని.

పైడయ్య ఎవరో నాకు పరిచయం చేయనక్కర్లేదు. మా చర్చావేదికలో చివరి బెంచీ ఆయనది. కింద మునిగిన విశాఖ రేవు నుంచి మనుషులను కొండ మీదికి చేర్చి, దిగీ దిగగానే మా చర్చలకు వచ్చి కూర్చుంటాడు. నేను లేచి నాలుగు వాక్యాలు చెప్పేసరికి వెనకనుంచి కేక: "కూకో అమ్మా, కూకో! నీ మాట మాకు ముందే తెలుసు!" సభంతా నవ్వుతుంది. నేను ఇంతవరకు ఏ చర్చలోనూ ఓడలేదు. ఆ ఒక్క గొంతుకు మాత్రం ఎన్నడూ సమాధానం చెప్పలేకపోయాను.

రెండు కార్తెలుగా ఆ బెంచీ ఖాళీగా ఉంది. నాకు హాయిగానే ఉందనుకున్నాను.


పునర్వసు, ముసురు

మెస్సులో పళ్లెం పట్టుకొని వరుసలో నిలబడి ఉండగా తారకేశ్ వచ్చి నా వెనక చేరాడు.

"రెండు కళ్లేలూ ఒకేసారి విప్పమంటాను," అన్నాడు, ముందే గెలిచినట్టు.

"అంటే మనిషిని చంపమంటావు."

"చల్లని కణితి శాంకరీ. ఒకటి విప్పితే దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు."

"రెండు విప్పినా ఉండదు. పేగుకు మాత్రం నిప్పంటుకుంటుంది."

"సభలో చూసుకుందాంలే. ముందు ఆ పప్పు కాస్త వదులు, నాకు మిగలదు."

అతడు అన్నదీ నేను అన్నదీ విడమరిచి రాయాలి. మన రక్షక కణాలకు పుట్టుకతోనే కళ్లేలు ఉంటాయి. లేకపోతే అవి మన ఒంటినే మేస్తాయి. కణితి తన మీదికి వచ్చిన కణాల కళ్లెం తానే అందుకొని బిగిస్తుంది. అవి ఎదురుగా శత్రువును చూస్తూ నిలబడిపోతాయి. మందుతో ఆ కళ్లెం విప్పితే అవి మళ్ళీ కదులుతాయి. అయితే కణాలు ముందుగా కణితిని పరాయిదని గుర్తుపట్టి ఉండాలి. గుర్తుపట్టినవి చుట్టూ మూగి ఉంటే అది వేడి కణితి. ఏ కణమూ దరికి రానిది చల్లని కణితి. పెద్దపేగులో పుట్టేవి చాలావరకు చల్లనివే. అటువంటి రోగులకు కూడా మా తాతల కాలంలో ఆశకొద్దీ రెండు కళ్లేలూ విప్పేశారు. కణితులు చెక్కుచెదరలేదు. మనుషులు తమ రక్షణ చేతిలోనే పోయారు. ఎదురువాద చట్టం ఆ శవాల దగ్గర పుట్టింది: కళ్లెం విప్పే ఏ చికిత్సకైనా ముందు, వద్దని చెప్పే గొంతు ఒకటి సభలో పూర్తి బలంతో వినిపించాలి.

చట్టం ఎదురువాదికి రెండు నిషేధాలు కూడా పెట్టింది. ఏ చికిత్సనూ ప్రతిపాదించరాదు. పక్షవాదికి సాయపడరాదు. వీటిలో ఏది తప్పినా సభ రద్దవుతుంది; మళ్ళీ సభ వానలు వెళ్ళాకే.

ఈ చట్టాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. అందరూ ఔనన్న చోట ఎవరో ఒకరు కాదనకపోతే, ఆశ ఎంతమందినైనా చంపగలదు.


పుష్యమి, ఎదురు భోజనం నాడు

చట్టంలో లేని ఆచారం ఒకటుంది. వద్దని వాదించేవారు వాదానికి ముందు రోగి ఇంట, రోగి తినేదే తినాలి. పైడయ్య తినగలిగేది అంబలి ఒక్కటే. ఆయన భార్య ఎర్నమ్మ నా ముందు గిన్నె పెట్టింది. ఆ పెట్టడంలోనే కోపమంతా వినిపించింది.

"తిను తల్లీ. మా ఇంటాయన కడుపులో కూకున్నదానికి వకీలువి కదా. దానికేటి ఇష్టమో నీకే తెలవాలి."

పైడయ్య మంచం మీదినుంచి నవ్వాడు. మనిషి సగమయ్యాడు. ముఖంలో రక్తం లేదు. "ఒలే, ఊరుకో. ఆయమ్మతో మాటాడితే ఓడిపోతావు."

"ఓడిపోడానికి నాకాడ ఇంకేటి మిగిలిందని?"

నాకు అలవాటైన పద్ధతిలో జవాబు చెప్పాను. "నేను కణితి పక్షాన మాట్లాడేది కణితి మీద ప్రేమతో కాదు. దాని చుట్టూ ఉన్న పేగు తరఫున మాట్లాడుతున్నాను."

"ఆ ముక్క బాగుంది," అన్నాడు పైడయ్య. "కానీ ఎప్పట్లాగే ముగింపు కుదర్లేదు."

"నన్ను ఎప్పుడూ కూర్చోమని ఎందుకంటారు పైడయ్య గారూ?"

"అందరూ సప్పట్లు కొడతన్నారు కదమ్మా. ఒక్కడైనా కాదనకపోతే నీకు పొగరెక్కిపోద్ది. ఇప్పుడు నువ్వు నాకు చేసే పనేటి? అదే. నానేటి ఏడుత్తున్నానా?"

గిన్నె ఖాళీ చేశాను. ఆచారం ప్రకారం చేయాలి. వాకిట్లో చెప్పులు వేసుకుంటుంటే ఎర్నమ్మ వెనకే వచ్చింది. ఈసారి గొంతులో వెటకారం లేదు.

"అమ్మాయీ. నువ్వు వద్దను, ఇంకేటైనా అను. కానీ ఆ సభ వాయిదా మాత్రం పడనీకు. ఈ మనిసి వానలు ఎల్లేదాకా ఆగలేడు. నిన్న అంబలి కూడా తిరిగొచ్చీసింది."


పుష్యమి, ఎండ పొడ

వాదాన్ని సిద్ధం చేసేటప్పుడు నాకొక పద్ధతి ఉంది. ఎదుటివాడు తేలిగ్గా ఒప్పుకునే విషయానికి కూడా నేను రుజువు సంపాదిస్తాను. తారకేశ్ తానే కణితి చల్లనిదంటున్నాడు. నేను దాన్ని అంకెతో సహా చూపిస్తే, రెండు కళ్లేలు విప్పడం వృథా అని సభ ముందు మేకు దిగ్గొట్టవచ్చు.

కణం రెండుగా చీలేటప్పుడు తన జన్యువుల నకలు తీస్తుంది. నకలు తీసే యంత్రాంగం రాసినదాన్ని అక్కడికక్కడే వెనుదిరిగి చూసుకుంటుంది. ఆ చూపు తప్పించుకున్న పొరపాట్లను వెనక వచ్చే ప్రోటీన్లు సరిచేస్తాయి. వాటిని మేము దిద్దరులంటాం. దిద్దరులు లేని కణితిలో పొరపాట్లు గుట్టలుగా పేరుకుంటాయి, వాటివల్ల దాని రూపం మారుతుంది, రక్షక కణాలు దాన్ని పరాయిదని పసిగడతాయి. అందుకే మా దగ్గర రంగు పరీక్ష చేస్తారు. దిద్దరులుంటే రంగు పడుతుంది. రంగు పడితే పొరపాట్లు తక్కువ, కణితి చల్లనిది. అంతటితో విచారణ ముగుస్తుంది.

పొరపాట్లను నిజంగా లెక్కపెట్టే యంత్రం వేరే ఉంది. దానికి ఎండ కావాలి. వానాకాలంలో దాన్ని నడిపించమని అడిగే హక్కు ఎదురువాదికి తప్ప ఎవరికీ లేదు. సందేహించేవారికే సాక్ష్యం ఎక్కువ అవసరమని చట్టం రాసినవారి తర్కం. మబ్బులు విడిన కాసేపట్లో నడిపించాను.

సాధారణంగా పెద్దపేగు కణితిలో కనిపించవలసినదానికి ఈ లెక్క అందనంత ఎత్తున ఉంది. యంత్రం చెడిపోయిందనుకొని రెండోసారి నడిపించాను. అదే ఫలితం.

దిద్దరులు ఉన్నారు. రంగు పరీక్ష అబద్ధం చెప్పలేదు. అంటే నకలు తీసే యంత్రాంగంలోని ఆ వెనుదిరిగి చూసే చూపు పోయింది. పొరపాట్లు వరదలా వస్తుంటే, ఉన్న దిద్దరులు ఎన్నింటిని సరిచేస్తారు? పైడయ్య కణితి చల్లనిది కాదు. కణాలు దాని చుట్టూ మూగి, కళ్లెం బిగిసి నిలబడి ఉన్నాయి. ఒక్క కళ్లెం విప్పితే చాలు.

ఇంతకాలం మేము దిద్దేవారు ఇంట్లో ఉన్నారా అని అడిగి, ఉన్నారని తెలియగానే ఇంట్లో తప్పులు లేవని తీర్పు చెప్పుకుంటూ వచ్చాం.


పుష్యమి, సభకు ముందు

తారకేశ్‌కు చెబితే సాయపడినట్టు. సభలో చెబితే ప్రతిపాదించినట్టు. రెండింటిలో ఏది చేసినా సభ రద్దు, పైడయ్య వానల్లోనే పోతాడు. లెక్క సంగతి దాచి నా ధర్మం ప్రకారం పూర్తి బలంతో వాదిస్తే నేను గెలుస్తాను, అప్పుడూ పోతాడు. తారకేశ్ గెలిస్తే రెండు కళ్లేలూ విప్పుతారు. ఆ నీరసించిన ఒళ్ళు రెండో మందును తట్టుకుంటుందని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

చట్టాన్ని తిట్టుకుంటూ చాలాసేపు తిరిగాను. తిట్టడం వాదం కాదు. మళ్ళీ మొదటినుంచి చదివాను. ఎదురువాది ప్రతిపాదించరాదు. ప్రశ్నించరాదని ఎక్కడా లేదు. ప్రత్యర్థి పునాదిని కూల్చరాదని ఎక్కడా లేదు. ఆ పనులు చేయమనే నన్ను పెట్టారు.

తారకేశ్ రెండు కళ్లేలు అడుగుతున్నది కణితి చల్లనిదన్న ఒకే మాటను పట్టుకొని. ఆ మాటను విరగ్గొడతాను. ఓడించినట్టే కనబడుతూ అతణ్ణి గెలుపు దాకా లాక్కువెళ్ళాలి.

అతడికి ఇది అర్థమవుతుందా అన్నదే భయం.


ఆశ్లేష, సభ

అధ్యక్షస్థానంలో డాక్టర్ రహమతున్నీసా. పైడయ్యను చక్రాల మంచం మీద తెచ్చారు. ఎర్నమ్మ ఆ మంచం కమ్మీని పట్టుకొని నిలబడింది.

తారకేశ్ బాగా మాట్లాడాడు. "ఇది చల్లని కణితి. ఒక్క కళ్లెం సరిపోదు, రెండూ విప్పాలి. ప్రమాదం ఉందని ఒప్పుకుంటున్నాను. ఈ మనిషికి మరో దారి లేదు."

నేను లేచాను. "చల్లనిదని మీకెలా తెలుసు?"

"రంగు పరీక్షలో దిద్దరులు కనబడ్డారు."

"దిద్దరులు కనబడ్డారు. పొరపాట్లు లేవని కనబడిందా?"

"దిద్దేవారు ఉండగా పొరపాట్లెందుకుంటాయి?"

"ఈ సభలో అధ్యక్షులున్నారు. అయినా మీ ప్రసంగంలో పొరపాట్లు లేవా?"

నవ్వులు లేచాయి. తారకేశ్ చెవులు ఎర్రబడ్డాయి. నేను ఏ వైపు లాగుతున్నానో ఆలోచించవలసిన క్షణంలో, లాగుతున్నది నేను కాబట్టి ఎదురు తన్నడమే తన పని అనుకున్నాడు.

"ఎదురువాది సభను పక్కదారి పట్టిస్తోంది! రంగు పరీక్షను ఎవరూ ఎన్నడూ శంకించలేదు."

"ఎవరూ శంకించకపోవడం రుజువా, అలవాటా?"

"కణితి చల్లనిదే. ముమ్మాటికీ చల్లనిదే! నా వాదమంతా దాని మీదే ఉంది!"

"అందుకే అడుగుతున్నాను. అది చల్లనిది కాకపోతే మీ వాదం ఏమవుతుంది?"

"అది చల్లనిదే అంటుంటే!"

సొంత రోగికి బతుకుదారి చూపే ఒకే ఒక్క ప్రశ్నను అతడు ప్రాణం పెట్టి అడ్డుకుంటున్నాడు. అతడి స్థానంలో నేనున్నా అదే చేసేదాన్నేమో. అదే ప్రశ్నను ఇంకెలా తిప్పి అడగాలా అని నా కాగితాలు తిరగేశాను.

అప్పుడు చక్రాల మంచం మీదినుంచి కేక.

"ఒరే తారకేశూ! ఆయమ్మ నిన్ను గెలిపిత్తన్నాది రా. నోర్మూసుకొని కూకో!"

సభ గొల్లుమంది. తారకేశ్ నా వైపు చూశాడు. నేను గోడకేసి చూశాను. అతడు కూర్చున్నాడు.

రహమతున్నీసా గారు నవ్వలేదు. "ఎదురువాదీ, మీ ప్రశ్న ప్రతిపాదన వైపు వెళ్తోందా? అలా అయితే సభను ఇక్కడే రద్దు చేయవలసి వస్తుంది."

కమ్మీ మీద ఎర్నమ్మ వేళ్ళు తెల్లబడటం నాకు కనిపించింది.

"లేదండీ. ఇది ఆక్షేపణే. చల్లనిదన్న ఆధారంతో రెండు కళ్లేలు విప్పమంటున్నారు. ఆ ఆధారం సందేహాస్పదం. కనుక రెండోదాన్ని విప్పరాదు."

"మొదటిదాని మాటేమిటి?"

ఇక్కడ ఊరుకోవచ్చు. ఊరుకుంటే నేను ఎదురువాదిని కాను.

"దానిమీద కూడా నాకు ఆక్షేపణ ఉంది. కళ్లెం విప్పిన కణం ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. పేగును కొరకవచ్చు, కాలేయాన్ని కొరకవచ్చు, థైరాయిడ్‌ను కొరకవచ్చు. ఈ ఆక్షేపణను నేను వెనక్కి తీసుకోను. తూచవలసినది సభ."

"పొరపాట్ల లెక్క తీయించారా?"

"తీయించాను."

"మీ పక్షానికి ఉపయోగపడని సాక్ష్యాన్ని బయటపెట్టవలసిన బాధ్యత మీకు లేదని తెలుసు కదా?"

"తెలుసు. అధ్యక్షులు అడిగినప్పుడు దాచే హక్కు లేదని కూడా తెలుసు."

ఆవిడ "అడుగుతున్నాను," అన్నారు.

తీర్పు: ఒక్క కళ్లెం విప్పాలి. రెండోదాని జోలికి వెళ్ళరాదు. సభ పత్రంలో మాత్రం చట్టప్రకారం ఒకే వాక్యం రాశారు: ఎదురువాదం ఓడింది.

మెట్ల దగ్గర తారకేశ్ నా దారికి అడ్డం నిలబడ్డాడు. "నన్ను గెలిపించావా, వెర్రివాణ్ణి చేశావా?"

"రెండూ."

"నువ్వు మొదటిసారి ఓడిన రోజున కూడా నాకు సంతోషం మిగలనివ్వవు కదా!"


హస్త కార్తె

వానలు పలచబడ్డాయి. పైడయ్య మొదట అంబలి నిలుపుకున్నాడు, తర్వాత మెత్తటి అన్నం. కెమెరాతో పేగు చూసిన డాక్టర్లు కణితి సగానికి పైగా తరిగిందన్నారు. నేను వినయంగా తల ఊపి, బయటికి వచ్చి, కణశాల వెనక గోడ దగ్గర పిచ్చిదానిలా గెంతాను. ఎవరూ చూడలేదనుకుంటున్నాను.


స్వాతి కార్తె

కణశాలలో ఎర్నమ్మ కనిపించింది. జబ్బు మనిషి బదులు ఇంటివారు వేయవచ్చు కనుక, భర్త సీసాకు మేత వేయబోతోంది. నన్ను చూసి ఆ పని ఆపింది.

"నువ్వన్నట్టే అయ్యింది. కొరికేసింది."

"ఎక్కడ?"

"గొంతుకాడ. థైరాయిడంట. మొకం వాసిపోనాది, పొద్దల్లా నిద్దరే. ఇంక బతికినన్నాళ్ళూ మాత్ర యేసుకోవాలంట."

నా ఆక్షేపణ నెగ్గింది. నెగ్గితే ఇలా ఉంటుందని ఏ పాఠంలోనూ నాకు చెప్పలేదు. సీసాల అరకు చేతులు ఆనించి నిలబడ్డాను.

"అలా సూత్తావేటి?" అంది ఎర్నమ్మ. "మాత్రే కదా, నాను యేయిత్తాను. కడుపులో దాని జాడ లేదంట, మచ్చ మిగిలిందంట. నీ కచ్చిదారు ఓడిపోనాడు. ఇంద, ఈ మూత తియ్యి, నాకు రాటం లేదు."

తీశాను. అది కూడా బిగుసుకుపోయే ఉంది.


అనూరాధ కార్తె, చివరి నమోదు

తర్వాత వచ్చే ఎదురువాదికి.

మన ముందరివారి దినచర్యలను మళ్ళీ చదివాను. ఈసారి కన్నీళ్ళను వదిలేసి, వారు ఎలా గెలిచారో చూశాను. "కణితి చల్లనిది, కావున వద్దు." వరుసగా అదే వాదం. అందులో చాలావరకు నిజమే అయి ఉంటుంది. పైడయ్య కణితి వంటివి అరుదు. అయితే ఒక్కరు కూడా లెక్క తీయించలేదు. గెలుస్తున్న పక్షానికి రుజువు అక్కర్లేదు కదా. ఆ రోగుల కణితి ముక్కలు ఇంకా మైనంలో భద్రంగా ఉన్నాయి. వాటన్నింటినీ లెక్కపెట్టించాలనీ, ఇకపై ఏ కణితికైనా రంగు పరీక్షతో తృప్తిపడరాదనీ చర్చావేదికలో ఈ రోజు తీర్మానం పెట్టాను. చనిపోయినవారి లెక్క ఎవరికి కావాలని తారకేశ్ ఎదురు లేచాడు. కావాలనే లేచాడు, ఎదురు లేకుండా నెగ్గిన తీర్మానం నిలవదని ఇప్పుడు అతడికీ తెలుసు.

మాట్లాడుతున్నాను. సభ నా వైపు ఒరుగుతోంది. 'ఎండాకాలంలో నడిచే యంత్రం, వానాకాలంలో చచ్చే మనిషి' అన్న మాట దగ్గరికి వచ్చి, గొంతు పెంచి, చప్పట్ల కోసం ఒక్క క్షణం ఆగాను.

చివరి బెంచీ నుంచి కేక వచ్చింది. గొంతు బొంగురుపోయింది, థైరాయిడ్ చేసిన పని. గుర్తుపట్టడానికి మాత్రం నాకు క్షణం కూడా పట్టలేదు.

"కూకో అమ్మా, కూకో!"

నేను కూర్చోలేదు.